ఎంతొచ్చినాది?

మొన్న ఆదివారం మందసలో పరుగు పందేనికి నాకు బందోబస్తు వేశారు. పరుగెత్తేవాళ్లకి పోలీసు కాపలా ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మామూలుగా అయితే మేం పరుగెత్తేవాళ్ల వెనక పడతాం గాని, పక్కన నిలబడి దారివ్వం. విశాఖపట్నం నుంచి రెండు బస్సుల నిండా వచ్చారు. అందరికీ ఒకే రంగు బనీన్లు, ఛాతీల మీద నెంబర్లు. కోట దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు: ‘కొండలు, కోటలు, కొబ్బరితోటలు. అందాల దారిలో పది కిలోమీటర్లు’. కిలోమీటరుకో మంచినీళ్ల బల్ల, బల్ల మీద అరటిపండు ముక్కలు, బల్ల పక్కన చప్పట్లు కొట్టడానికి ఇద్దరు కాలేజీ పిల్లలు. ఇన్ని ఏర్పాట్లుంటే మా తాతమ్మ కూడా పరుగెత్తేది.

పందెం అయిపోయాక వాళ్లు చెమటలు తుడుచుకుంటూ ఒకరినొకరు అడగడం మొదలెట్టారు.

“ఎంతొచ్చింది?”

“యాభై రెండు! నీకెంతొచ్చింది?”

“గంటా నాలుగు.”

నా పక్కనే అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. కవిటి దగ్గరి మనిషి, కూతుర్ని చూసిపోదామని వచ్చిందట. ఆ మాటలు విని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. 

“ఓలమ్మో! బావూ, ఇంతమందికీ వచ్చీసిందేటి? యాభై రెండట! నవ్వుకుంటా సెప్తన్నాడు సూడు, పిచ్చినాయన.”

మా ఉద్దానం సంగతి తెలియనివాళ్లకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మిగతా జిల్లాల్లో ‘ఎంతొచ్చింది’ అంటే పిల్లాడి మార్కులో, పొలంలో పంటో. మా వైపు ఆ ప్రశ్నకి ఒకటే అర్థం: రక్తపరీక్షలో, కిడ్నీలు చెడ్డాయో లేదో చెప్పే క్రియాటినిన్ ఎంతొచ్చింది అని. మా అమ్మకి అక్షరం ముక్క రాదు, ఆ మాట మాత్రం తడుముకోకుండా పలుకుతుంది. ఒకటి దాటకపోతే ఇంట్లో పాయసం. రెండు దాటితే ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. ఐదు దాటితే విశాఖపట్నం బస్సు. యాభై రెండు వచ్చినవాడు అరటిపండు తింటూ నవ్వుతుంటే ఆ ముసలమ్మ హడలిపోదా మరి!

“అది జబ్బు లెక్క కాదమ్మా, పరుగు లెక్క,” అన్నాను.

“పరుగుక్కూడా ఎంతొచ్చినాదనే అడుగుతారేటి?”

“ఒకాయన అడిగేవాడు,” అన్నాను. ఆ తరవాత రోజంతా డ్యూటీ మీద ధ్యాస లేదు. ఎస్సైగారు రెండుసార్లు కేకేశారు.

ఆయన పేరు రాయను. రాసినా మీకు తెలీదు, పలాసలో కూడా ఎవరికీ తెలీదు. అందరూ మాస్టారనే పిలిచేవాళ్లు. ఏ బడికీ మాస్టారు కాదు. పదో తరగతి ఆయన్ని మూడుసార్లు వెనక్కి పంపింది. ఆయన రైల్వేలో కీమేను. అంటే రోజూ పట్టాల వెంట మైళ్లకి మైళ్లు నడుస్తూ, పట్టాని బిగించి ఉంచే కీలు ఎక్కడైనా ఊడాయేమో చూసి, ఊడితే సుత్తితో కొట్టి బిగించడం ఆయన పని. నడిచినందుకు రైల్వేవాళ్లు జీతమిచ్చేవారు. తెల్లారకుండా లేచి పరుగెత్తినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పైగా ఊళ్లో పిచ్చోడనే పేరు ఉచితంగా ఇచ్చారు.

నాకు ఆయన దొరికిన రోజు బాగా గుర్తు. అప్పుడు నేను పలాస పక్కనే కాశీబుగ్గలో గది తీసుకుని కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్నాను. ఇరవై అయిదు నిమిషాల్లో అయిదు కిలోమీటర్లు పరుగెత్తాలి. మొదటిసారి నిమిషమున్నర ఆలస్యమై ఇంటికొచ్చాను. నా వయసు ఇంకొక్కసారికే సరిపోతుంది. మా ఇంట్లో అందరూ ఉద్యోగం కోసం కంటే నన్ను మా ఊరు కవిటి నుంచి బయటపడెయ్యడం కోసం ఎక్కువ మొక్కుకునేవారు. మా చిన్నాన్న అప్పటికే కిడ్నీ జబ్బుతో మంచం పట్టాడు. ఆయన తరవాత ఎవరో అని ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, భోజనాల దగ్గర మాత్రం అందరూ నా కాళ్లకేసి చూసేవారు. జబ్బు తెస్తాయంటున్న మా ఊరి నీళ్లు తాగనక్కర్లేని చోట నాకొక ఉద్యోగం కావాలి. వాళ్లకి తెలిసిన మందు అదొక్కటే.

ఆ రోజు స్టేషన్ రోడ్డు మీద తల వంచుకుని రొప్పుతూ పరుగెత్తుతున్నాను. ఎదురుగా ఖాకీ నిక్కరు, నీలం చొక్కా, తెల్ల కాన్వాసు బూట్లతో ఒక బక్కపలచటి మనిషి ఆగాడు. 

“ఏటి పారీసుకున్నావురా?”

“ఏమీ పారేసుకోలేదండీ.”

“మరేటి నేల మీద ఎతుకుతన్నావు? తలెత్తి పరిగెట్టు. అదిగో ఆ కొండని సూడు. కొండ కాసి సూత్తా పరిగెడితే కాలు నొప్పెట్టదు.”

కొండకేసి చూశాను. గోతిలో పడ్డాను. ఆయన చెయ్యిచ్చి లేపుతూ, “అదీ, మొదటిరోజు అందరూ పడతారు,” అన్నాడు చాలా తృప్తిగా.

ఆయన దగ్గర మేం నలుగురం కుదిరాం. కుదిరాం అంటే ఆయన పట్టుకున్నాడు, మేం విడిపించుకోలేకపోయాం. ఐదు కిలోమీటర్లు ఏ చదునైన రోడ్డు మీదో పరుగెత్తిస్తే సరిపోతుంది కదా! ఆయన ఒప్పుకునేవాడు కాదు. దారి బాగుండాలి, చూడ్డానికేదో ఒకటి ఉండాలి. మామూలు రోజుల్లో పలాస చుట్టుపక్కల కొండల కింద. ఆదివారం బస్సెక్కించి మరీ తీసుకెళ్లేవాడు. ఒకసారి విసుగొచ్చి, సెలక్షన్‌లో కొండలకి మార్కులేమైనా వేస్తారా మాస్టారూ అని అడిగాను. ఆయన చేతిలో సుత్తి ఉన్నట్టు వేళ్లు ముడిచి చూపించాడు.

“రోజల్లా నేను సూసేదేట్రా? కీ, కీ, కీ. ఇరవయ్యేళ్లయి నేలసూపే. పొద్దున్న ఒక్క గంటయినా తలెత్తనీరా నన్ను.”

అదీ అసలు సంగతి. ఆయనకి కొండ చూడాలని ఉంది, దానికి మేం కాళ్లు అరగదీసుకోవాలి.

హరిపురంలో బస్సు దిగి మందస కోట దాకా ఒక దారి. దూరంగా మహేంద్రగిరి కనిపిస్తూ ఉంటుంది, ఎంత పరుగెత్తినా అంతే దూరంలో ఉంటుంది. ‘దగ్గరికి రాదేటి మాస్టారూ’ అని మాలో ఒకడు ఏడుపుగొంతుతో అడిగితే, “అది రాదు, నువ్వే ఎల్లాల,” అన్నాడు. కోట దగ్గర ఆపి, ఇక్కడ రాజులుండేవారు, ఏనుగులుండేవి అని చెప్పేవాడు. చరిత్ర అక్కడితో సరి. ఏ రాజు, ఎప్పుడు అని అడిగితే, “నీకు టైమెంతొచ్చినాదో అది సెప్పు ముందు,” అనేవాడు.

టెక్కలి నుంచి రావివలస ఇంకో దారి. ఆయన బాప్టిస్టు. పరుగుకి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు, ఆ ప్రార్థన ఎంత సావకాశంగా సాగేదంటే అంతవరకూ కాళ్లూ చేతులూ ఆడించి వేడెక్కిన ఒళ్లు మళ్లీ చల్లబడేది. అలాంటి మనిషి మమ్మల్ని తీసుకెళ్లి ఎండల మల్లికార్జునుడి ముందు నిలబెట్టేవాడు. అక్కడ స్వామికి పైకప్పు లేదు, ఎండలోనే ఉంటాడు, అందుకే ఆ పేరు. మేం చెట్టు నీడ చూసుకుని కూలబడితే ఆయనకి ఎక్కడలేని భక్తీ వచ్చేది.

“మీ దేవుడే ఎండలో నిలబడున్నాడు. మీకు నీడ కావాలేటి? లెగండి.”

ఏ పూజారీ మా చేత ఆ గుడి దగ్గర అన్ని చెమటలు కక్కించలేదు. అక్కణ్నుంచి తిన్నగా బస్సెక్కి పదిగంటల ఆరాధనకి పలాసలో చర్చికెళ్లిపోయేవాడు. నిక్కరు మీద పంచె చుట్టుకుని, బూట్లు గుమ్మం బయట లేసులు కలిపి ముడేసి పెట్టేవాడు. పాస్టరుగారు ఆ బూట్లు చూసి వారం వారం నిట్టూర్చేవారని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు.

బారువ ఇసకలో పరుగు సంగతి చెప్పను, ఇప్పటికీ పిక్కలు పీకుతాయి. పడవల మధ్యనుంచి, ఎండబెట్టిన చేపల పక్కనుంచి పరుగు. ఓసారి నేను ఆయాసంతో ఆగిపోయాను. ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించి, ఎంతో గౌరవంగా అన్నాడు: “ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగీవిరా. ఇప్పుడు నువ్వాగినావు.”

వలలు సరిచేసుకుంటున్న వాళ్లందరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది, ఆ మంటతోనే మిగిలిన కిలోమీటరూ పూర్తి చేశాను.

చేతిగడియారం ముఖం లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవాడు. చివరి మనిషి వచ్చేదాకా నిలబడి, వచ్చిన ప్రతివాణ్నీ ‘ఎంతొచ్చినాదిరా?’ అని అరిచేవాడు. టైము ఆయన చేతిలోనే ఉంది, అయినా మా నోటితో చెప్పించాలి. కాని కవిటి తోటల్లో పరుగెత్తిన రోజుల్లో మాత్రం ఆయన నోరు మెదిపేవాడు కాదు. మా ఊరి దారి అది, రెండు వైపులా కొబ్బరిచెట్లు, ఎండ నేల మీద పడదు. అరుగుల మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మనుషులు మమ్మల్ని చూస్తూ ఉండేవారు. అక్కడ ఆయన గడియారం చూపించి కనుబొమలు ఎగరేసేవాడు, మేం వేళ్లతో చెప్పేవాళ్లం. ఆ మాట ఆ ఊళ్లో పైకి అనకూడదని ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. నేను చెప్పలేదు.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం లేసులది. పరుగుకి ముందు మేం వరసగా నిలబడాలి. ఆయన ఒంగి, ఒక్కొక్కరి బూటు దగ్గర ఆగి, ముడి లాగి చూసి, వేలి కణుపులతో బూటు మీద టక్కున కొట్టి ముందుకెళ్లేవాడు. పట్టాల మీద కీలు చూసుకున్నట్టే. నాలుగు జతలకి ఎనిమిది టక్కులు వినపడాలి. “ఊడిన కీ, ఊడిన లేసూ ఒకటేరా. సూసినోడు ఊరుకుంటే బండి పడిపోద్ది,” అనేవాడు. మేం చాటున ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఆ అనుకరణలో నేనే మొనగాణ్ని. ఒంగడం, కొట్టడం, గొంతు, అన్నీ దింపేసేవాణ్ని.

సెలక్షన్‌కి ఇంకా నలభై రోజులుందనగా ఒక పొద్దున్న ఆయన బూట్లకి లేసులు లేవు.

నాలిక్కి పని చెప్పకుండా నేను ఊరుకుంటానా? “ఏటి మాస్టారూ, కొత్త ఫ్యాషనా? మాకేమో లేసులు, మీకేమో గాలీనా?” అన్నాను. ముగ్గురూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

“కాళ్లకి గాలాడాలిరా, ముసిలోణ్ని కదా,” అన్నాడు.

నవ్వులు అయ్యాయి, పరుగు మొదలైంది. నేను మాత్రం మళ్లీ ఆయన కాళ్లకేసి చూడలేదు. చూడక్కర్లేదు కనక. మా చిన్నాన్న మొదట చెప్పులు వదిలేశాడు, పట్టీ పట్టడం లేదని. తరవాత వాచీ వదిలేశాడు. కాళ్ల వాపు ఎలా మొదలవుతుందో మా ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ ముగ్గురూ పలాసవాళ్లు, వాళ్లకి అది ముసలితనం. నేను కవిటివాణ్ని. నాకు ఆ బూట్లు చూడగానే తెలిసిపోయింది, తెలిసే ఆ వేళాకోళం ఆడాను.

ఎందుకు చెప్పలేదు? సూటిగానే రాస్తాను. చెబితే ఆయన ఆస్పత్రికి వెళ్తాడు. ఆస్పత్రికి వెళ్తే పరుగు ఆగిపోతుంది. అప్పటికి నా టైము ఇరవై అయిదుంపావులో ఉంది. ఇంకో పావు నిమిషం తగ్గించే మనిషి ఆయనొక్కడే. నాకు ఆ మనిషి ఇంకా నలభై రోజులు కావాలి. అంతే. దీనికి ఇంకే అందమైన కారణమూ లేదు.

నలభై రోజులూ ఆయన వచ్చాడు. మొదట మాతో పరుగెత్తేవాడు, తరవాత సైకిలు మీద వెనకాల వచ్చేవాడు, చివరికి గమ్యం దగ్గర కిలోమీటరు రాయి మీద కూర్చుని ఉండేవాడు. మేం ఆయనకి రైలు గార్డు అని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది కూడా నేనే. లేసులు చూడ్డం మాత్రం మానలేదు. ఒంగితే లేవలేకపోతున్నాడని, మేమే ఒక్కొక్కరం ఆ రాయి మీద కాలు పెట్టేవాళ్లం, ఆయన కూర్చునే ముడి లాగి టక్కున కొట్టేవాడు.

సెలక్షన్ శ్రీకాకుళంలో జరిగింది. గుండ్రటి మైదానం, సున్నం గీతలు. కొండ లేదు, కోట లేదు, ఎండుచేపల వాసనైనా లేదు. అంత అందంలేని చోట పరుగెత్తడం ఎలాగో నాకు తెలీలేదు. తలెత్తి, ప్రహరీ అవతల ఏదో నీళ్ల ట్యాంకు కనిపిస్తే దాన్నే మహేంద్రగిరి అనుకుని పరుగెత్తాను. ఇరవై మూడు నిమిషాల పదకొండు సెకన్లు.

ఆ సాయంత్రమే పలాస వెళ్లి ఆయనకి చెప్పాలి. వెళ్లలేదు. వెళితే కాళ్లు చూడాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు గడిపాను. ట్రైనింగుకి రమ్మని కాగితం వచ్చాక ఇంక తప్పలేదు. కొత్త బూట్లు వేసుకుని, మా తోటలో దింపించిన కొబ్బరిబొండాలు అరడజను గోనెసంచిలో పట్టుకుని రైల్వే క్వార్టర్స్‌కి వెళ్లాను. పెద్దమనిషిని చూడ్డానికి వెళితే మా కవిటివాళ్ల చేతులు వాటంతటవే బొండాలు పట్టుకుంటాయి.

గుమ్మంలో ఆయన భార్య సంచి చూసి ఆగిపోయింది.

“బొండాలు వొద్దన్నారు నాయనా. నీళ్లే కొలిసిత్తన్నాను. కొబ్బరినీళ్లు ముట్టకూడదట.”

కిడ్నీ జబ్బు మనిషికి కొబ్బరినీళ్లు విషమని మా ఊళ్లో గోడలకి కూడా తెలుసు. మా చిన్నాన్నకి కూడా మాన్పించాం. అయినా పట్టుకెళ్లాను. సంచి పక్కన పెట్టేశాను. ఆవిడ చీరచెంగుతో మొహం తుడుచుకుని, నన్ను ఏమీ అననట్టుగానే అంది: “రెండు మూడు నెల్ల ముందొచ్చుంటే ఏరేగుండునని డాట్రుగారు సెప్పినారు. ఈయన ఒక్క ముక్క నాకు సెప్పినేదు. మీరైనా సూసుకోనేదా, రోజూ కూడా ఉండీవోరు?”

నేను తల ఊపాను. ఏమని ఊపానో నాకే తెలీదు.

ఆయన రేకుల పందిరి కింద మడతమంచం మీద ఉన్నాడు. ముఖం ఉబ్బి, చేతులు సన్నబడి, వేరే మనిషిలా ఉన్నాడు. గడియారం చేతికి లేదు, దిండు పక్కన ఉంది. నన్ను చూడగానే గొంతు మాత్రం పాతదే లేచింది.

“ఎంతొచ్చినాదిరా?”

“ఇరవై మూడు పదకొండు, మాస్టారూ.”

“మరా పదకొండు సెకన్లూ ఎక్కడ పారీసినావు?”

నవ్వబోయాను. నవ్వు రాలేదు. మూడు నెలల నుంచి దాచిన మాట బయటికొచ్చేసింది. “మీ బూట్లకి లేసులు లేనప్పుడే నాకు తెలుసు మాస్టారూ. తెలిసీ చెప్పలేదు.”

ఆయన మంచం మీద నావైపుకి ఒత్తిగిలాడు. 

“కవిటోడివి, నీకు తెలవకపోతే ఇంకెవుడికి తెలుత్తాదిరా? సెప్పీత్తావేమోనని రోజూ బయపడీవోణ్ని. నువ్వు నోరిప్పితే మా ఇంటిది నన్ను ఆస్పత్రికి తోలీసుండును. నీ టైమెవుడు సూత్తాడు అప్పుడు?” గొంతు తగ్గించి, లోపలికి వినపడకుండా అన్నాడు. “మంచి పని సేసినావులే, ఊరుకో.”

తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంకా బాగుండేది. మంచి పని చేశానట!

మా ఊళ్లో ఏ రోగి మంచం దగ్గరైనా అందరూ అడిగేదే అడిగాను. “మీకెంతొచ్చినాది మాస్టారూ?”

ఆయన అలవాటు కొద్దీ దిండు పక్కనున్న గడియారం తీసి, ముఖం తనవైపుకి తిప్పుకుని చూశాడు.

“తొమ్మిదీ నలభై,” అన్నాడు. “ఉద్దానం మొత్తమ్మీద రికార్డు నాదే. పోలీసోడివి కదా, కొట్టు సూద్దాం.”

ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపేశాడు, ఆయాసం వచ్చి. తరవాత చూపు నా కొత్త బూట్ల మీదికి వెళ్లింది. అలవాటైన చెయ్యి మంచం మీదనుంచి కిందికి సాగింది, నా బూటు దాకా అందలేదు.

“ఎడమ కాలిది వొదులుగున్నాది. బిగించుకో.”

ఒంగాను. ఎడమ కాలి లేసు బిగించాను. కుడి కాలిది బాగానే ఉంది, దాన్ని కూడా విప్పాను. విప్పి కట్టాను, మళ్లీ విప్పాను. తల ఎత్తితే ఆయనకి నా మొహం కనిపిస్తుంది.

పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

“ఏటి పారీసుకున్నావురా, అంతసేపు ఎతుకుతన్నావు?”